ఇంజనీరింగ్ డిగ్రీ విద్య: బోధన పద్ధతులు, విద్యార్థికి తోడ్పాటు

ఇంటర్మీడియట్ ఎంపీసీ లేదా పాలిటెక్నిక్ డిప్లొమా తరవాత చేరే బీటెక్, బీఈ కోర్సుల స్వరూపాన్ని మూడు అంశాలు నిర్ణయిస్తాయి. అవి పాఠం చెప్పే తీరు, పరీక్షించే తీరు, విద్యార్థి మధ్యలో జారిపోకుండా కాచుకునే ఏర్పాట్లు. పాఠం తరగతి గదిలో జరిగేదని, తోడ్పాటు మరో విభాగం చూసుకునే పని అని చాలాకాలం భావించారు. గత యాభై ఏళ్ల పరిశోధన ఈ గీతను చెరిపేస్తూ వచ్చింది. బోధన సరిగా అమరితే తోడ్పాటులో సగం అందులోనే ఇమిడి ఉంటుందని అది చూపింది. దేశంలో ఇంజనీరింగ్ సీట్లు బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండు రాష్ట్రాల అనుభవం మీద నడుస్తుంది.

చారిత్రక నేపథ్యం

మద్రాసులో 1794లో భూమి కొలతలు నేర్పడానికి ఒక సర్వే బడి మొదలైంది. అదే పెరిగి 1859లో ఇంజనీరింగ్ కళాశాల అయి, తరవాత గిండీ కళాశాలగా పేరుపొందింది. ఉత్తరాదిన రూర్కీ కళాశాల 1847లో ఆరంభమైంది. గోదావరి, కృష్ణా నదుల మీద ఆనకట్టలు లేచిన కాలం అది. ప్రభుత్వానికి కాలువలు, రోడ్లు, వంతెనల పనులు చూసే ఓవర్సీర్లు, ఇంజనీర్లు కావాలి. కొలవడం, గీయడం, అంచనా వేయడం ఆ చదువుకు ఆయువుపట్టు. బోధనలో ఎక్కువ భాగం డ్రాయింగు బల్ల దగ్గర, ఆరుబయట సర్వే పనిలో సాగేది.

నిజాం రాజ్యంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దాని ఇంజనీరింగ్ కళాశాల 1929లో మొదలైంది. ఒక భారతీయ భాషలో ఉన్నత సాంకేతిక విద్యను నడపడం ఆ రోజుల్లో పెద్ద ప్రయోగం. అందుకోసం పుస్తకాలను అనువదించే దారుల్ తర్జుమా అనే సంస్థను హైదరాబాదులో ప్రత్యేకంగా నెలకొల్పారు. ఆంధ్ర ప్రాంత విద్యార్థులకు 1946 దాకా గిండీయే ప్రధాన దిక్కు. ఆ ఏడాది మొదలైన రెండు కళాశాలల్లో ఒకటి కాకినాడలో స్థిరపడింది. మరొకటి గిండీ ఆవరణలోనే పుట్టి 1948లో అనంతపురానికి తరలింది. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అది 2002లో ఎన్ఐటీ అయింది. కాకినాడ, అనంతపురం కళాశాలలను, హైదరాబాదులోని నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కళాశాలను ఒక గొడుగు కిందికి తెస్తూ 1972 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2008లో దాన్ని హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా, లలితకళలకు మరొకటిగా విభజించారు.

1970ల చివర ప్రైవేటు కళాశాలలు మొదలయ్యాయి. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గిరాకీతో అవి ఊరూరా వెలిశాయి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయేనాటికి వాటి సంఖ్య ఏడు వందల దరిదాపులకు చేరింది. దీనితో ఇంజనీరింగ్ తరగతి స్వభావమే మారిపోయింది. గిండీ, కాకినాడల్లో ఏరికోరి తీసుకున్న కొద్దిమందికి పాఠం చెప్పిన పద్ధతి ఇప్పుడు అరవై మంది కూర్చునే సెక్షన్లకు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు చేరాల్సి వచ్చింది. బోధన గురించిన చర్చలన్నిటికీ మూలం ఈ మార్పులోనే ఉంది.

ప్రవేశం: విద్యార్థి ఏ తయారీతో వస్తాడు?

ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎంసెట్ 1986లో మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ పేరుతో నడుస్తోంది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో లెక్కలవి 80. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు. రెండేళ్ల ఇంటర్మీడియట్ చదువు ఈ వేగానికే విద్యార్థిని సానపడుతుంది. పొద్దున స్టడీ అవర్, వారం వారం టెస్టు, నాలుగు జవాబుల్లో మూడింటిని కొట్టేసి ఒకటి పట్టుకునే మెలకువ అతనికి అలవాటవుతాయి.

బీటెక్ మొదటి సెమిస్టర్‌లో ఈ నేర్పు చాలావరకు పనికిరాదు. అక్కడ ఒక సమీకరణాన్ని మొదటి మెట్టు నుంచి రాబట్టాలి. ఒక ఘనరూపాన్ని పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి ఊహించి గీయాలి. సీ భాషలోనో పైథాన్‌లోనో ప్రోగ్రాము రాసి, తప్పు ఎక్కడుందో తానే వెతుక్కోవాలి. పైగా పొద్దున్నే లేపి చదివించేవారు ఉండరు. ఎం1 (గణితం-1), ఈడీ (ఇంజనీరింగ్ డ్రాయింగు), ప్రోగ్రామింగ్ సబ్జెక్టుల్లో ఫెయిలవడానికి తెలివి తక్కువ కావడం కన్నా, నేర్చుకునే పద్ధతి మార్చుకోలేకపోవడమే తరచూ కారణమని అధ్యాపకులు చెబుతారు.

డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారి పరిస్థితి దీనికి తలకిందులు. వర్క్‌షాపు, ల్యాబు పని వారికి చేయి తిరిగిన విద్య. కలనగణితంలో మాత్రం వెనకబడతారు. ఒకే బెంచీ మీద కూర్చునే ఈ ఇద్దరి లోట్లు వేరు, బలాలు వేరు.

పల్లెల్లో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారి కోసం 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రజల నోట ఇది ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయలు దాని తొలి ప్రాంగణాలు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల ఆశ్రమ చదువు ఇది. చిత్తూరు జిల్లాలో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న దబ్బాల రాజగోపాల్ రెడ్డి ఈ ప్రయత్నం వెనక ఉన్న ప్రముఖుల్లో ఒకరు. ప్రతి విద్యార్థి చేతికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, దాని మీదే పాఠాలు నడపాలన్నది మొదటి ఆలోచన. కోచింగ్ వడపోతకు ముందే విద్యార్థిని తీసుకోవడం ఈ నమూనాలో అసలు విశేషం.

పాఠ్యక్రమం అమరిక

దేశంలో సాంకేతిక విద్యకు ప్రమాణాలు నిర్దేశించేది అఖిల భారత సాంకేతిక విద్యా మండలి. 1945లో సలహా సంఘంగా ఏర్పడిన ఈ మండలికి 1987 నాటి చట్టం అధికారాలు ఇచ్చింది. 2018లో అది విడుదల చేసిన నమూనా పాఠ్యక్రమం నాలుగేళ్ల భారాన్ని 160 క్రెడిట్లకు కుదించింది. అంతకుముందు హైదరాబాదు జేఎన్‌టీయూ పరిధిలో 192 క్రెడిట్లు ఉండేవి. తగ్గించిన గంటలు విద్యార్థి సొంతంగా చదువుకోవడానికి, ప్రాజెక్టులకు, ఇంటర్న్‌షిప్‌కు దక్కాలన్నది ఉద్దేశం.

ప్రతి సబ్జెక్టు పక్కనా ఎల్, టీ, పీ అని మూడు గడులు ఉంటాయి. మొదటిది పాఠం చెప్పే గంటలు, మూడోది ల్యాబు గంటలు. మధ్యలోది ట్యుటోరియల్, అంటే చిన్న గుంపుగా కూర్చుని లెక్కలు చేసుకుంటూ సందేహాలు తీర్చుకునే గంట. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబుకు ఒక క్రెడిట్ అన్నది సాధారణ లెక్క. చాలా సబ్జెక్టుల ఎదుట ఈ అంకెలు 3–0–0 అని కనిపిస్తాయి. మధ్య గడిలో సున్న ఎందుకు ఉందన్న ప్రశ్న తోడ్పాటు గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

విశ్వవిద్యాలయాలు మూడు నాలుగేళ్లకోసారి కొత్త రెగ్యులేషన్ తెస్తాయి. ఆర్‌13, ఆర్‌16, ఆర్‌18, ఆర్‌20, ఆర్‌22, ఆర్‌23 అన్న పేర్లు అలా వచ్చినవే. ఫెయిలైన విద్యార్థి పాత రెగ్యులేషన్‌లో, అతని జూనియర్లు కొత్తదాంట్లో ఉండటంతో ‘ఈ సబ్జెక్టుకు సమానమైనది ఏది’ అని నోటీసు బోర్డుల చుట్టూ తిరగడం క్యాంపస్ జీవితంలో ఒక భాగమైంది. ఇక ఐఐటీ హైదరాబాదు ఫ్రాక్టల్ పద్ధతి తెచ్చింది. సెమిస్టర్ పొడవునా సాగే సబ్జెక్టును అర క్రెడిట్ నుంచి మొదలయ్యే చిన్న ముక్కలుగా విడగొట్టి, విద్యార్థికి ఎంచుకునే వీలు పెంచడం దాని సారం.

తరగతి బోధన

ఇంజనీరింగ్ తరగతిలో నేటికీ ప్రధానమైనది ఉపన్యాసమే. అధ్యాపకుడు బోర్డు మీద డెరివేషన్ రాస్తాడు, విద్యార్థులు ఎక్కించుకుంటారు. పలుచోట్ల స్లయిడ్లు బోర్డు స్థానాన్ని ఆక్రమించాయి. మంచి ఉపన్యాసానికి విలువ ఉంది. విషయం మొత్తం ఎలా అల్లుకుందో అనుభవజ్ఞుడు ఒక గంటలో చూపగలడు. నోట్స్ రాయించడమే పాఠం అయినప్పుడు చిక్కు మొదలవుతుంది. అప్పుడు పాఠ్యపుస్తకం మూలపడుతుంది, పరీక్షకు ముందు ‘ఆల్ ఇన్ వన్’ గైడే శరణ్యమవుతుంది.

ఉపన్యాసంతో పోలిస్తే విద్యార్థి చేత పని చేయించే తరగతి ఎంత మెరుగో అమెరికాలో 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం తేల్చింది. విజ్ఞాన, ఇంజనీరింగ్, గణిత కోర్సుల మీద అప్పటిదాకా వచ్చిన 225 అధ్యయనాలను వారు కలిపి చూశారు. కేవలం ఉపన్యాసం నడిచిన తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, చురుకైన బోధన ఉన్నచోట 21.8 శాతం మందే తప్పారు.

చురుకైన బోధనలో బాగా స్థిరపడిన పద్ధతి సహాధ్యాయి బోధన. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో దీన్ని ప్రవేశపెట్టారు. పది నిమిషాల పాఠం తరవాత అధ్యాపకుడు లెక్క అవసరం లేని ఒక ప్రశ్న వేస్తాడు. ఉదాహరణకు, ఒకే రకం బల్బులు రెండు వరసగా కలిపి ఉన్నాయి. ఒక బల్బు రెండు కొసలనూ వైరుతో కలిపేస్తే రెండో బల్బు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా, ఆరిపోతుందా? కిర్చాఫ్ సమీకరణాలు గడగడా రాయగలిగినవారూ ఇక్కడ తడబడతారు. విద్యార్థులు ముందు ఎవరికి వారు చేయెత్తి జవాబు చెబుతారు. జవాబులు చీలిపోతే, పక్కవాడిని ఒప్పించమని రెండు నిమిషాలు ఇస్తారు. మళ్లీ చేతులెత్తినప్పుడు సరైన జవాబు వైపు మొగ్గు పెరుగుతుంది. ఇప్పుడే అర్థం చేసుకున్నవాడికి అర్థం కానిచోటు ఇంకా గుర్తుంటుంది. అధ్యాపకుడు దాన్ని ఏనాడో మరిచిపోయి ఉంటాడు. పద్ధతి ఫలించడానికి కారణం ఇదే. (రెండో బల్బు వెలుగు పెరుగుతుంది.)

తిరగేసిన తరగతి మరో పద్ధతి. వీడియో పాఠం ఇంట్లో చూసి, తరగతిలో లెక్కలు చేస్తారు. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు, 2017లో కేంద్రం ప్రారంభించిన స్వయం వేదిక దీనికి సరంజామా సమకూర్చాయి. హాస్టల్లో వై-ఫై అందకపోయినా, వీడియో చూడకుండా వచ్చినవారు ఎక్కువైనా ఈ తరగతి కుంటుపడుతుంది. వీడియో మీద నాలుగు ప్రశ్నల చిన్న క్విజ్ పెట్టి, దానికి కొద్ది మార్కులు కేటాయించడం వాడుకలో ఉన్న మందు.

ల్యాబు, వర్క్‌షాపు, డ్రాయింగు

ఇంజనీరింగ్ చదువును మిగతా డిగ్రీల నుంచి వేరుచేసేది చేతిపని. ఫిట్టింగు, కార్పెంటరీ, వెల్డింగుతో మొదటి ఏడాది వర్క్‌షాపు నడుస్తుంది. మినీ డ్రాఫ్టర్‌తో గీసే డ్రాయింగు క్రమంగా కంప్యూటర్ తెరమీదికి మారుతోంది. ప్రయోగశాలలో అబ్జర్వేషన్ పుస్తకం, రికార్డు, చివర వైవా అనే వరస దాదాపు అన్ని కళాశాలల్లోనూ ఒక్కటే.

రికార్డు అందంగా రాయడం మీదికి దృష్టి మళ్లితే ల్యాబు అసలు పని దెబ్బతింటుంది. సీనియర్ రికార్డులోని రీడింగులు జూనియర్ పుస్తకంలోకి దిగడం ఎవరూ దాచే విషయం కాదు. దీనికి విరుగుడు ప్రయోగాన్ని ప్రశ్నగా మార్చడం. కాంక్రీటు ల్యాబునే తీసుకుంటే, 150 మిల్లీమీటర్ల ఘనాన్ని పోసి, ఏడు రోజులకు, 28 రోజులకు నలగ్గొట్టి బలం కొలవడం మామూలు ప్రయోగం. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలని విద్యార్థికి ముందే తెలుసు. ఒక్కో బృందానికి సిమెంటు, నీటి నిష్పత్తి వేరుగా ఇచ్చి, ఎవరి ఘనం ముందు పగులుతుందో కారణంతో సహా రాసి పెట్టమంటే అదే యంత్రం, అదే సిమెంటు మరో పాఠం చెబుతాయి. ఊహ తప్పినచోట కారణం వెతకడమే అక్కడ చదువు.

పరికరాలు చాలనిచోట వర్చువల్ ల్యాబులు కొంత ఆదుకుంటున్నాయి. కేంద్ర విద్యాశాఖ ప్రాజెక్టుగా సాగిన ఈ పనిలో, పైన చెప్పినదానికి వేరైన సంస్థ ట్రిపుల్ ఐటీ హైదరాబాదు భాగస్వామి. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు వీటి వాడకం పెరిగింది. అయితే వేడెక్కిన మోటారు వాసన, సరిగా బిగించని నట్టు తెరమీద దొరకవు. అందుచేత వాటిని అసలు ప్రయోగానికి ముందు చేసే తాలీముగా వాడటం మంచిదన్నది నిపుణుల మాట.

ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్

డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టినప్పటి నుంచీ సమస్య ఆధారిత ప్రాజెక్టు పనినే చదువుకు వెన్నెముకగా పెట్టుకుంది. 2000లో అమెరికాలోని ఎంఐటీ, స్వీడన్‌లోని మూడు విశ్వవిద్యాలయాలు కలిసి ‘ఊహించు, రూపొందించు, అమలుచేయి, నడుపు’ అనే నాలుగు మెట్ల చట్రాన్ని సీడీఐఓ పేరుతో తెచ్చాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో మొదలుపెట్టిన ఎపిక్స్ కార్యక్రమంలో విద్యార్థి బృందాలు స్థానిక సంస్థల అసలు అవసరాలకు పరికరాలు తయారుచేస్తాయి.

మన కళాశాలల్లో నాలుగో ఏడాది మేజర్ ప్రాజెక్టు, అంతకుముందు మినీ ప్రాజెక్టు ఉంటాయి. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు నగరాల్లో బహిరంగంగా నడుస్తాయి. ఇందులో విద్యార్థి బద్ధకం కొంత, ప్రాజెక్టును చివరి సెమిస్టర్‌లో ఒక్కసారిగా మీదేయడం కొంత. రెండో ఏడాది నుంచే చిన్న రూపకల్పన పనులు ఇచ్చినచోట కొనుక్కోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌20 నిబంధనలు వేసవి ఇంటర్న్‌షిప్‌లను, చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశాయి. తెలంగాణలో 2014లో ఏర్పడిన టాస్క్ సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ కళాశాలలకూ పరిశ్రమలకూ నడుమ వారధిగా ఉన్నాయి. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ జట్టుగా పనిచేయడాన్ని పండగలా మార్చింది.

మూల్యాంకనం

విద్యార్థి ఎలా చదువుతాడన్నది సిలబస్ కన్నా ప్రశ్నపత్రం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. జేఎన్‌టీయూ సంప్రదాయంలో సెమిస్టర్‌కు రెండు మిడ్ పరీక్షలు, చివర ఒక పెద్ద పరీక్ష ఉంటాయి. హైదరాబాదులో అంతర్గత, చివరి పరీక్షల మధ్య ఆర్‌18 దాకా 25–75గా ఉన్న మార్కుల వాటా ఆర్‌22లో 40–60గా మారింది. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా పడిపోతే తగిన కారణం చూపి, కండోనేషన్ రుసుము కట్టి గట్టెక్కవచ్చు. ఇంకా తగ్గితే డీటెయిన్, అంటే జూనియర్లతో మళ్లీ కూర్చోవాలి. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలోగా ముగించాలి.

ఇంజనీరింగ్ పట్టభద్రుడు ఏం చేయగలగాలి అన్నదాని నుంచి వెనక్కి లెక్కవేసి పాఠాన్ని, పరీక్షను అమర్చడాన్ని ఫలితాధారిత విద్య అంటారు. అంతర్జాతీయ వాషింగ్టన్ ఒప్పందంలో 2014 జూన్‌లో భారతదేశం శాశ్వత సభ్యత్వం పొందడంతో ఇది మన కళాశాలల్లోకి బలంగా వచ్చింది. జాతీయ గుర్తింపు మండలి 12 ఫలితాలను నిర్దేశించి, ఇటీవల వాటిని 11కు సవరించింది. గణిత పరిజ్ఞానం మొదలు నీతి, జట్టుపని, జీవితాంతం నేర్చుకునే గుణం దాకా అన్నీ వాటిలో ఉన్నాయి. ప్రతి సబ్జెక్టు లక్ష్యం ఏ ఫలితానికి ఎంత తోడ్పడుతుందో ఒకటి, రెండు, మూడు అంకెలతో పట్టికలు కట్టాలి. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం చేసిన వర్గీకరణ ప్రకారం ప్రశ్నపత్రంలో గుర్తుతెచ్చుకునే ప్రశ్నలు, అన్వయించే ప్రశ్నలు, విశ్లేషించే ప్రశ్నలు ఎన్నెన్నో చూపాలి.

ఆలోచన మంచిదే. ఆచరణలో తనిఖీ బృందం వచ్చే ముందు ఫైళ్లు నింపడమే పనిగా మారిందని, పాఠానికి తయారయ్యే సమయాన్ని పట్టికలు తినేస్తున్నాయని అధ్యాపకుల ఫిర్యాదు. ‘విశ్లేషించు’ అన్న క్రియ ఉన్నంత మాత్రాన ప్రశ్న విశ్లేషణ అయిపోదు. గైడులో జవాబు దొరికే ప్రశ్న ఏదైనా చివరికి జ్ఞాపకశక్తి పరీక్షే.

భాష

పాఠ్యపుస్తకం, పరీక్ష ఇంగ్లిషులోనే ఉన్నా తరగతి మాత్రం తెలుగు, ఇంగ్లిషు కలగలుపుగా నడుస్తుంది. ‘బీమ్ మీద లోడ్ పెడితే ఎక్కడ వంగుతుంది?’ అన్నంత సహజంగా ఆ మిశ్రమ భాష ఏర్పడింది. అర్థం కావడానికి అది సాయపడుతుంది. విషయం తెలిసినా ఇంగ్లిషులో రాయడానికి, వైవాలో నోరు విప్పడానికి తెలుగు మాధ్యమం పిల్లలు మొదటి ఏడాదంతా ఇబ్బంది పడతారు. ఇంగ్లిషు ల్యాబులు ఈ లోటు తీర్చడానికి పెట్టినవే.

జాతీయ విద్యావిధానం వచ్చిన మరుసటి ఏడు, 2021లో, ప్రాంతీయ భాషల్లో బీటెక్ నడపడానికి సాంకేతిక విద్యా మండలి అనుమతించింది. విజయవాడ ప్రాంతంలోని ఒక కళాశాలలో తెలుగు మాధ్యమ కోర్సు మొదలైంది. మండలి తెలుగులో పాఠ్యపుస్తకాలు కూడా సిద్ధం చేయించింది. ఉద్యోగాల భయంతో తల్లిదండ్రులు ఆ వైపు చూడటానికి వెనకాడుతున్నారు. తెలుగు పుస్తకాన్ని పూర్తి మాధ్యమంగా కాకపోయినా, మొదటి ఏడాది అర్థం చేసుకోవడానికి ఊతకర్రగా వాడుకునే దారి అందరికీ తెరిచే ఉంది.

విద్యార్థికి తోడ్పాటు

మొదటి మెట్టు పరిచయ కార్యక్రమం. 2018 నమూనా పాఠ్యక్రమం చేరిన వెంటనే మూడు వారాలు పాఠాలు ఆపి వ్యాయామం, కళలు, మానవ విలువల మీద గోష్ఠులు, ఊరి సందర్శన, అధ్యాపకులతో చిన్న బృందాల్లో మాటామంతీ నడపాలంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, ఐఐటీ బీహెచ్‌యూల అనుభవం దీనికి పునాది. కౌన్సెలింగ్ విడతలు ఆలస్యమై విద్యార్థులు దఫదఫాలుగా చేరడం వల్ల చాలాచోట్ల ఇది వారంలోపే ముగిసిపోతోంది.

రెండోది మెంటార్ వ్యవస్థ. సాంకేతిక విద్యా మండలి నిబంధన ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. సాధారణంగా మెంటార్‌కు అప్పగించేదీ అంతే. హాజరు తగ్గగానే ఇంటికి ఎస్ఎంఎస్ పోవడంతో ఆగితే అది నిఘా అవుతుంది. మిడ్‌లో మార్కులు పడిపోయిన వారంలోనే పిలిచి కారణం అడిగితే అది తోడ్పాటు. ఎవరికి ఏ వారంలో సాయం కావాలో హాజరు పట్టీ, మొదటి మిడ్ మార్కులు ముందే చెబుతాయి. సప్లీలు, అంటే మళ్లీ రాయాల్సిన పరీక్షలు, నాలుగైదు పోగుపడ్డాక చేసే హితబోధ కన్నా ఇది చవక, ఫలవంతం.

మూడోది చదువులో ఆసరా. ఫెయిలైనవారిని సాయంత్రం కూర్చోబెట్టి అదే పాఠాన్ని నిదానంగా మళ్లీ చెప్పడం రెమిడియల్ తరగతి రివాజు. ‘వీక్ స్టూడెంట్స్’ అన్న ముద్ర పడుతుందని పిల్లలు దానికి ముఖం చాటేస్తారు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970ల చివర ఉరి ట్రైజ్‌మన్ దీనికి వేరే దారి చూపారు. కలనగణితంలో బాగా రాణిస్తున్న చైనా మూలాల విద్యార్థులు కలిసి చదువుకోవడం, వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులు ఒంటరిగా గంటల తరబడి కష్టపడటం ఆయన గమనించారు. తేలిక లెక్కల బదులు కఠినమైన లెక్కలిచ్చి బృందాలుగా చేయించే వర్క్‌షాపులు పెట్టారు. ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. కాన్సస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం 1973లో మరో పద్ధతి మొదలుపెట్టింది. ఎక్కువమంది తప్పే సబ్జెక్టులకు, వాటిని బాగా గట్టెక్కిన సీనియర్ చేత వారం వారం చర్చ నడిపించడం దాని సారం. గురి కష్టమైన సబ్జెక్టు మీద ఉంటుంది గనుక ఏ విద్యార్థి మీదా ముద్ర పడదు.

తెలుగునాట హాస్టళ్లలో ఇది ఎప్పటినుంచో అనధికారికంగా ఉంది. పరీక్ష ముందు రాత్రి ఒక గదిలో పదిమంది చేరతారు. అర్థమైన ఒకడు మంచం మీద కూర్చుని ఎం2 యూనిట్లు రెండు చెబుతాడు. ఆ కంబైన్డ్ స్టడీతోనే ఎందరో ఒడ్డున పడ్డారు. ఇంటి నుంచి బస్సులో వచ్చిపోయేవారికి, హాస్టల్ గేటు ముందే మూసే అమ్మాయిలకు మాత్రం అది అందదు.

నాలుగోది ఆర్థిక ఆసరా. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో విస్తరించిన బోధన రుసుముల చెల్లింపు పథకం లక్షలాది పేద, వెనకబడిన కుటుంబాల పిల్లలను ఇంజనీరింగ్‌కు చేర్చింది. తెలంగాణలో అది ఈ-పాస్ వెబ్‌సైట్ ద్వారా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన విద్యా దీవెన పథకం కింద కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో సొమ్ము వేశారు. చెల్లింపులు ఆలస్యమైనప్పుడు సర్టిఫికెట్లు ఆగిపోయి విద్యార్థి ఇరుకున పడటం రెండుచోట్లా వినిపించే వెత. దీనికి తోడు 5 శాతం అదనపు సీట్లకు బోధన రుసుము మినహాయింపు, అమ్మాయిలకు ప్రగతి, దివ్యాంగులకు సక్షం పేరుతో ఏడాదికి 50 వేల రూపాయల చొప్పున ఉపకారవేతనాలు ఉన్నాయి. రాష్ట్ర ప్రవేశాల్లో మహిళలకు 33⅓ శాతం సీట్లు కేటాయిస్తారు.

ఐదోది రక్షణ, మానసిక ఆరోగ్యం. ర్యాగింగ్ నిషేధానికి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. ఫిర్యాదుకు 1800-180-5522 పనిచేస్తుంది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలన్నది అందులో ఒకటి. మనసు కుంగినప్పుడు తెలుగులోనూ మాట్లాడే వీలున్న టెలి-మానస్ నంబరు 14416 రోజంతా ఉచితంగా అందుబాటులో ఉంటుంది.

అధ్యాపకుల తయారీ

బడిలో చెప్పడానికి బీఈడీ ఉండాలి. ఇంజనీరింగ్ కళాశాలలో చెప్పడానికి అలాంటిది అక్కర్లేదు, ఎంటెక్ చాలు. నిన్నటిదాకా వెనక బెంచీలో ఉన్నవాడు నేడు బోర్డు ముందు నిలబడి, తనకు చెప్పినట్టే తానూ చెబుతాడు. ఈ లోటు తీర్చడానికి కొత్త అధ్యాపకులకు ఎనిమిది భాగాల శిక్షణను సాంకేతిక విద్యా మండలి రూపొందించింది. 2002 నుంచి 2021 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో మూడు దశల్లో నడిచిన టెక్విప్ పథకం వరంగల్లు నుంచి అనంతపురం దాకా ల్యాబులకు, అధ్యాపక శిక్షణకు నిధులిచ్చింది. ప్రవాస భారతీయ ఇంజనీరు, ఆచార్యుడు వేదుల కృష్ణ చొరవతో మొదలైన ఐయూసీఈఈ సంస్థ బోధన పద్ధతుల మీద వర్క్‌షాపులు నడుపుతోంది. జీతం సకాలంలో అందని, ఏటా కళాశాల మారాల్సి వచ్చే అధ్యాపకుడి దగ్గర ఈ శిక్షణ నిలవదు. బోధన నాణ్యతలో ఉద్యోగ భద్రత వాటా తక్కువేమీ కాదు.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఇంటికిచ్చే అసైన్‌మెంటుకు, ప్రోగ్రామింగ్ రికార్డుకు అర్థం మారింది. రాసి తెచ్చినదాన్ని బట్టి మార్కులు వేయడం ఇక కుదరదు. రాసినదాన్ని ఎదురుగా కూర్చుని వివరించమని అడగాల్సిందే. అంటే మళ్లీ చిన్న బృందాలు, మళ్లీ ముఖాముఖి.

అంచనా

తెలుగు రాష్ట్రాలు ఇంజనీరింగ్ విద్యను ఒక తరంలోనే పల్లెలకు చేర్చాయి. ప్రవేశం, రుసుము అన్న రెండు గడపలూ దాటించాయి. మూడో గడప మొదటి ఏడాది తరగతి గది. బోధన మీద వచ్చిన మంచి ఆధారాలన్నీ ఒకేచోటికి వేలు చూపుతున్నాయి: పదిహేను, ఇరవై మంది కలిసి కూర్చుని, కష్టమైన ప్రశ్న మీద, అడిగితే చెప్పేవారి సమక్షంలో పనిచేయడం. దానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరూ అక్కర్లేదు. ఎల్–టీ–పీ పట్టికలో మధ్య గడి ఉన్నది అందుకే. చాలా సబ్జెక్టుల ఎదుట అక్కడ ఇప్పటికీ సున్నే ఉంది.